నాలుగు గంటల ఆటో

పదో తరగతి పాసైన పిల్ల ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఎవరు తేలుస్తారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మార్కులంటారు కొందరు, తల్లిదండ్రులంటారు కొందరు. పేపర్లలో సలహాలు రాసే పెద్దమనుషులైతే పిల్ల ఆసక్తిని బట్టి అని రాస్తారు. మా ఊళ్ళో మాత్రం ఆ సంగతి ఆటో తేల్చేది. వేళాకోళానికి అనడం లేదు, నిజంగానే ఆటో తేల్చేది.

మా ఊరు కోటబొమ్మాళి స్టేషనుకి ఈవలి వైపు, రోడ్డు దిగి లోపలికి వెళ్ళాక, వరి చేల మధ్యన ఉంటుంది. బస్సు రాదు. కాలేజీ టౌన్లో. ఆడపిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే ఆటో ఊరంతటికీ ఒకటే. పొద్దున పాలకేంద్రం దగ్గర ఎక్కించుకునేది, సాయంత్రం నాలుగు కొట్టేసరికి కాలేజీ గేటు దగ్గర నుంచి కదిలిపోయేది. ఇక ఆ కాలేజీలో లెక్కలు చెప్పే పోస్టు ఎప్పుడూ ఖాళీయే. ఒక పార్ట్‌టైం మాస్టారు పగలంతా వేరేచోట చెప్పుకుని ఇక్కడికి చేరేసరికి నాలుగయ్యేది. అందుకని ఎంపీసీ వాళ్ళకి లెక్కల క్లాసు అందరూ వెళ్ళిపోయాక మొదలై ఐదున్నర దాకా నడిచేది. మగపిల్లలకి సైకిళ్ళున్నాయి, బళ్ళున్నాయి, ఏదీ లేకపోతే ఎవరి వెనకో ఎక్కి వచ్చేస్తారు. ఆడపిల్లలకి ఉన్నది నాలుగు గంటల ఆటో. కాబట్టి మా ఊరి ఆడపిల్లలు ఎంపీసీ తీసుకోరు. బైపీసీ తీసుకుంటారు, అదీ కాదంటే హెచ్ఈసీ.

ఇందులో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆటో సంగతి అందరూ మరిచిపోయారు. ఆఖరికి మిగిలిందేమిటంటే, మా ఊరి ఆడపిల్లలకి లెక్కలు బుర్రకెక్కవు అనే మాట. మా బడిలో మాస్టార్లు కూడా అదే అనేవారు. మా ముందు బ్యాచి అక్కలు కూడా తమ గురించి తామే నవ్వుతూ అనుకునేవారు. ఒక మూడు చక్రాల బండి టైము మా తలలో మెదడు సంగతి అయి కూర్చుంది. అదేం విడ్డూరమో, అందులో ఉన్నవాళ్ళకెవరికీ అది విడ్డూరంగా కనిపించేది కాదు.

నాకు లెక్కలంటే ఇష్టం. ఇష్టమని ఊరికే అనేస్తే సరిపోదు, ఎందుకో చెప్పాలి. మా ఇంట్లో ప్రతిదానికీ ఎవరో ఒకరిని అడగాలి. జడ ఇలా వేసుకోవచ్చా, ఆ ఇంటికి వెళ్ళవచ్చా, ఈ డ్రెస్సు బాగుందా. తెలుగు వ్యాసం రాస్తే బాగుందో లేదో మాస్టారు చెప్పాలి. లెక్క అలా కాదు. చేసి, వచ్చిన జవాబుని మళ్ళీ మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే అటూ ఇటూ సమానం అయిందా, అయిపోయింది. తప్పో ఒప్పో నాకే తెలుస్తుంది, ఇంకెవరినీ అడగక్కర్లేదు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ మాత్రం దొరకడం ఎంత గొప్పో నాకు తెలుసు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదవాలని అప్పటికే అనుకున్నాను. దానికి ఇంటర్‌లో లెక్కలు ఉండి తీరాలి. ఈ గ్రూపుల్లో ఉన్న తిరకాసే అది. జూన్ నెలలో ఒక్క పొద్దుట నోటితో చెప్పే మాట ఒకటే, ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే సగం దారులు మూసుకుపోయి ఉంటాయి.

మా అమ్మ బైపీసీ అంది. నర్సింగు చేస్తే శ్రీకాకుళంలోనే ఉద్యోగం, కళ్ళ ముందుంటావు అంది. నేను లెక్కలన్నాను. అమ్మ నా మార్కుల జోలికి పోలేదు, నా తెలివి జోలికీ పోలేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ ఒకటే అడిగింది.

"ఆటో నాలుక్కి వచ్చీస్తాది. నువ్వు ఐదున్నరకి ఎలాగొస్తావు? ఎగిరొస్తావేటి?"

నాన్న చెప్పిందంతా వింటాడు, విని అమ్మ వైపు చూస్తాడు. బండి మీద వచ్చి తీసుకురమ్మంటే, వర్షాలు పడ్డాక ఉబాలు మొదలవుతాయి, నాట్లు వదిలేసి రోజూ సాయంత్రం ఎక్కడొస్తాను అన్నాడు. అదీ నిజమే. సైకిలు మీద నేనే వస్తానంటే చలికాలం ఐదున్నరకే చీకటి, ఆ రోడ్డు మీద దీపం లేదు అంది అమ్మ. అదీ నిజమే. అందరూ నిజాలే చెబుతుంటే ఎవరి మీద అరవాలో తెలీక, పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళి పెరట్లో కూర్చున్నాను.

మర్నాడు అమ్మనే లాక్కుని ఆటో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన నాకు వరసకి మావ. మనిషి నల్లగా, గట్టిగా ఉంటాడు, మాట ఇంకా గట్టిగా ఉంటుంది. ఎప్పుడూ తొందరే. నిలబడి టీ తాగుతాడు, నిలబడే తింటాడని మా అత్త అనేది. ఆయన కూతురు నా ఈడుదే, నాతోపాటే పదో తరగతి పాసైంది. బల్ల మీద నా పక్కనే కూర్చుని చదివిన పిల్ల. చదివింది అనడం కన్నా కూర్చుంది అనడం న్యాయం. లెక్కల పరీక్షలో గట్టెక్కినందుకు ఇంట్లో పరమాన్నం వండారంటే మీరే అర్థం చేసుకోండి.

మావ ఆటో కడుగుతున్నాడు. అమ్మ సంగతి చెప్పింది. ఒక్క గంటన్నర ఆగగలవా అని అడిగింది. ఆయన గుడ్డ పిండుతూ, మా వైపు చూడకుండానే చెప్పేశాడు.

"ఒకరికాగితే ఊరందరికీ ఆగాలప్పా. ఐదింటి బండికి టేసన్లో ఉండాల నాను. కుదర్దు."

సాయంత్రం ఐదు గంటల పాసింజరుకి దిగేవాళ్ళే ఆయనకి ముఖ్యమైన బేరం. మమ్మల్ని ఊళ్ళో దింపేసి పరుగున స్టేషనుకి పోయి వరసలో ఆటో పెట్టుకోవాలి. వరసలో లేకపోతే బేరం ఇంకొకడిది. మనిషిని తప్పు పట్టడానికేమీ లేదు, అయినా దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాను. ఆయన కూతురు, నా స్నేహితురాలు, గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. విని లోపలికి వెళ్ళిపోయింది. దాని మీద కూడా కోపం వచ్చింది.

కాలేజీలో చేరే రోజు అదే ఆటోలో వెళ్ళాం. నేను, అది, బైపీసీ తీసుకునే ఇంకో ఇద్దరు. నేను కూడా బైపీసీయే అని ఇంట్లో తేలిపోయింది, మొహం మాడ్చుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు నా స్నేహితురాలు. గుమాస్తా ఏ గ్రూపని అడిగాడు. ఎంపీసీ అంది. దాని చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, నీకు పిచ్చెక్కిందా, ఎనిమిదో ఎక్కం వచ్చా నీకు అని అడిగాను. నిజంగానే రాదు. అది నా చెయ్యి విడిపించుకుని నిదానంగా చెప్పింది.

"మా అయ్య నీకోసం ఆగనన్నాడు గానీ, సొంత కూతుర్ని గేటు కాడ ఒగ్గీసి ఎలిపోతాడేటి?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వద్దన్నాను. ఫెయిలవుతావన్నాను, తిట్టాను, బతిమాలాను. నాకు ఏ గ్రూపైనా ఒకటే, మొక్కల పేర్లు మాత్రం నాకేం ఎక్కుతాయి, ఎక్కడ కూర్చున్నా నీ పక్కన కూర్చుంటాను అంది. గుమాస్తా వెనకవాళ్ళు రావాలి, తొందరగా చెప్పమని కసిరాడు. నేనూ ఎంపీసీ అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మకి అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మావ కూతురికి లెక్కలైతే మావ ఆగక తప్పదు, మావ ఆగితే నన్ను తీసుకురాక తప్పదు. దానికి లెక్కలేమిటే అని మాత్రం ఒకసారి ఆశ్చర్యపోయి ఊరుకుంది. అసలు కారణం మా ఇద్దరికే తెలుసు, అలాగే ఉంచుదామని ఒట్టు పెట్టుకున్నాం. మావకి తెలిస్తే దాని వీపు విమానం మోతే అని నా భయం.

మావ సంగతి చూస్తే నాకు మరీ ఇబ్బందిగా ఉండేది. మా గుంట లెక్కలు తీసుకుంది, మా గుంటకి లెక్కలంటే ప్రాణం అని టీ బడ్డీ దగ్గర, పాలకేంద్రం దగ్గర, స్టేషన్లో తోటి ఆటోల వాళ్ళ దగ్గర ఒకటే గొప్పలు. మొహమంతా గర్వం. ఆ బైపీసీ పిల్లల అమ్మలు మా వాళ్ళు కూడా ఐదున్నర దాకా పడి ఉండాలా అని సణిగితే, మా గుంట క్లాసు అవ్వాలా వద్దా అని గదమాయించేవాడు. పాపం ఆ ఇద్దరూ వరండాలో కూర్చుని బోటనీ రికార్డులో బొమ్మలు వేసుకునేవారు. అంతసేపు వేస్తే ఎవరికైనా బాగా వస్తాయి. అందులో ఒకామె ఇప్పుడు విజయనగరంలో నర్సు. నా రికార్డుకి ఫుల్ మార్కులు వచ్చింది నీ లెక్కల వల్లేనని కనిపించినప్పుడల్లా దెప్పుతుంది.

క్లాసు ఎలా ఉండేదో చెప్పాలి. మాస్టారు చెమటలు కక్కుకుంటూ వచ్చేవారు, మంచినీళ్ళు తాగి, జేబురుమాలుతో మెడ తుడుచుకుని నేరుగా బోర్డు దగ్గరికి పోయేవారు. మగపిల్లలంతా ఒకవైపు, మేమిద్దరం ఒకవైపు. మొదటి రోజు మమ్మల్ని చూసి, ఆటో ఎక్కలేదేమిటమ్మా అని అడిగారు. ఏళ్ళ తరబడి ఆయనకీ అలవాటైపోయింది మరి. ప్రమేయాలు, మాత్రికలు, సరళరేఖలు. నాకు ఆ గంటన్నరా ఎటు పోయేదో తెలిసేది కాదు. పక్కన అది బోర్డు మీది గీతలన్నీ ముగ్గు దించినట్టు పుస్తకంలోకి దించేసి, నా వైపు చూసి తృప్తిగా నవ్వేది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

క్లాసు అయి బయటికొస్తే గేటు దగ్గర ఆటోకి ఆనుకుని మావ నిలబడి ఉండేవాడు. ఎప్పుడూ నిలబడే. మమ్మల్ని చూడగానే కిక్కు కొడుతూ ఒకటే అడిగేవాడు, రోజూ అదే.

"కోడలా, అయిపోనాయా నీ లెక్కలు?"

అయిపోయాయి మావా అనేదాన్ని. ఈవేళ ఏం చెప్పారని దారిలో అడిగితే అదీ నేనే చెప్పేదాన్ని. కూతురు ఆ వెనక సీట్లో అప్పటికే కునికిపాట్లు పడుతూ ఉండేది.

మొదటి ఏడాది దాన్ని మోయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆదివారాలు వాళ్ళ అరుగు మీద, పొద్దున ఆటోలో, ఎక్కడ పడితే అక్కడ చెప్పేదాన్ని. బిందుపథం దగ్గర ఇద్దరం దాదాపు కొట్టుకున్నాం. ఆ చుక్క ఎందుకు కదులుతుంది, ఎవరు కదలమన్నారు దాన్ని అంటుంది. ఆవుని గుంజకి కడితే చుట్టూ తిరుగుతుందా లేదా, తాడెంతో అంత దూరమే కదా అంటే, మా ఆవు తిరగదు, పడుకుంటుంది అంటుంది. దానికి రాకపోతే ఫెయిలవుతుంది. అది ఫెయిలైతే మావ కాలేజీ మాన్పించేస్తాడు. అది మానేస్తే ఆటో మళ్ళీ నాలుగింటికే. నా రెండో ఏడాది లెక్కలు దాని చేతి రాత మీద వేలాడుతున్నాయి. ఇది ఒక ఎత్తైతే, నాకోసం బోనులో దూరిన పిల్ల ఊరందరి ముందూ నవ్వులపాలవుతుందే అన్నది మరో ఎత్తు. అది తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఫలితాలు వచ్చాయి. నేను పాసు. అది ఎ పేపరు గట్టెక్కింది, బి పేపరు పోయింది. ఫోనులో చూసి నేనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాల్సి వచ్చింది. ఊరంతా గొప్పలు చెప్పుకున్న మనిషి ఏమైపోతాడో అని దారంతా మథనపడ్డాను. మావ విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. ఒకటే కదా పోయింది, మళ్ళీ రాస్తాది అన్నాడు. అంతే. మర్నాడే సప్లిమెంటరీకి కట్టేసి వచ్చాడు. కసరలేదు, కళ్ళెర్ర చేయలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. కూతురి మీద పిచ్చి నమ్మకం మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో చూడు అనుకుని, నాకు నేనే పెద్ద ఆరిందాలా జాలిపడ్డాను.

ఆ ఎండాకాలం ఇద్దరం వాళ్ళ పెరట్లో జీడిచెట్టు కింద కూర్చుని బి పేపరు నమిలేశాం. సరళరేఖలు ఒదిలేయ్, అవకలనాలు పట్టుకో, సూత్రం వస్తే చాలు అని ఏరి ఏరి నేర్పాను. బొటాబొటిగా పాసైంది. రెండో ఏడాదీ అలాగే ఈదింది. చివరి పరీక్ష రాసి బయటికొచ్చి, ఇంక ఈ జన్మలో ఎక్స్ విలువ ఎవరికీ కనుక్కోను అంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చేశాను, ఇప్పుడు విశాఖపట్నంలో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది.

మావకి మోకాళ్ళు అరిగిపోయాయి. రెండేళ్ళుగా ఆ ఆటో కూతురే నడుపుతోంది. మొదట్లో ఊరు వింతగా చూసింది, తర్వాత అలవాటు పడింది, ఇప్పుడు అది ఆలస్యం చేస్తే తిడుతోంది.

మొన్న వేసవిలో సెలవులకి వచ్చాను. మా పక్కింటి పిల్ల పదో తరగతి పాసైంది, లెక్కల్లో మంచి మార్కులు. వాళ్ళమ్మ దాన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది, ఏ గ్రూపైతే బాగుంటుందో చెప్పమని. చెప్పడమంటే నాకు సరదా. ఎంపీసీ తీసుకుంటే ఏమేం చదవొచ్చు, బైపీసీ తీసుకుంటే ఏమేం పోతాయి, ఇంజనీరింగు ఒక్కటే లోకం కాదు, ఉట్టి డిగ్రీలో లెక్కలు చదివినా ఎన్ని ఉద్యోగాలున్నాయి, ఇలా గంటసేపు ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా విని, అంతా అయ్యాక ఒకటే అడిగింది. ఆటో ఎన్నింటికి కదులుతాది అని.

నాకు నవ్వాగలేదు. ఆ సాయంత్రం నా స్నేహితురాలి ఆటోలో స్టేషనుకి వెళ్ళాను, మా తమ్ముడు దిగుతున్నాడని. ముందు సీట్లో దాని పక్కనే ఇరుక్కుని కూర్చుని ఈ సంగతి చెప్పాను. అది రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, ఆ గుంటని తనకి నచ్చింది తీసుకోమను, ఎన్నింటికైనా ఆగుతాను, ఆఖరి పిల్ల ఎక్కందే నా ఆటో కదలదు అంది. నాకు మనసు నిండిపోయింది. నిండిపోయి, ఊరుకోలేక, పాత సంగతి ఎత్తాను. రెండేళ్ళు మీ అయ్యని మనిద్దరం ఎంత మోసం చేశామే, పాపం నీకు లెక్కలంటే ప్రాణమనుకుని ఐదింటి బండి బేరం మొత్తం వదులుకున్నాడు అన్నాను.

అది నా వైపు అదోలా చూసింది.

"ఎవరే మోసం సేసింది? ఆ రోజు ఇంటికెల్లగానే అయ్యకి సెప్పీసినాను. నీకోసమే తీసుకున్నానని."

మరి తిట్టలేదా అన్నాను. లేదంది. మరి ఆ గొప్పలన్నీ? టీ బడ్డీ దగ్గరా, పాలకేంద్రం దగ్గరా? ఊరికోసం అంది. ఇంకొకరి పిల్ల కోసం ఆగుతున్నాడంటే రేపు ప్రతివాడూ ఏదో ఒకటి అడుగుతాడు, కూతురి కోసం ఆగుతున్నాడంటే ఎవరూ నోరెత్తరు. మరి నాకెందుకు చెప్పలేదే నువ్వు అని నిలదీశాను. ఆటో స్టేషను మలుపు తిరుగుతోంది. అది గేరు మార్చి, చిన్నగా చెప్పింది.

"అయ్యే సెప్పొద్దన్నాడు. ఆ పిల్లకి తెలిస్తే మొగమాటపడి ఆటో ఎక్కదు, సదువొగ్గేస్తాదన్నాడు."

తమ్ముడు దిగాడు, సామాను ఎక్కించాం, తిరిగొచ్చాం. దారిలో వాడేం మాట్లాడాడో నాకు గుర్తు లేదు. రోజూ గేటు దగ్గర నిలబడి ఆయన అడిగిన మాటే చెవుల్లో తిరుగుతోంది. ఇద్దరం బయటికొచ్చేవాళ్ళం. కూతురు ముందుండేది. అయినా ఏ ఒక్కరోజూ మీ లెక్కలు అనలేదు, దాని లెక్కలు అనలేదు. నీ లెక్కలు అనేవాడు. అవకలనాలు, సమాకలనాలు నేర్చుకున్న దాన్ని, ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆటోలో అందరి ముందూ ఏడ్చేశాను.

ఇంటికి పోకుండా నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. మావ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాళ్ళు ముక్కాలి పీట మీద చాపుకుని. ఆ మనిషిని కూర్చుని ఉండగా చూడటం నాకింకా అలవాటు కాలేదు. ఏం చెప్పాలో అన్నీ దారిలో అనుకుంటూ వచ్చాను. వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. నా మొహం చూశాడు. వెనక నిలబడ్డ కూతురి మొహం చూశాడు. సంగతి అర్థమైపోయింది కాబోలు, మీసం కింద చిన్నగా నవ్వి, ఎప్పటిలాగే అడిగాడు.

"కోడలా, అయిపోనాయా నీ లెక్కలు?"

ఇంకా ఒక ఏడాది ఉంది మావా, ఆ తర్వాత కూడా చదవాలనుంది అన్నాను.

"సదువుకో" అన్నాడు. "నాకేటి తొందర."